కారంపూడి వెళ్లాక నాకు దొరికిన పల్నాటి కథ

మీరు అడిగింది ఇదీ: "ఏదైనా ఊరితోనో, గుడితోనో, కొండతోనో ముడిపడిన కథ విని ఆ చోటు వెతుక్కుంటూ వెళ్లారా? వెళ్లాక అది నిజమనిపించిందా, కట్టుకథ అనిపించిందా?"

వెళ్లాను. మూడుసార్లు వెళ్లాను. పల్నాడు జిల్లా కారంపూడికి.

మా నాయనమ్మ ఆ ఊరిని కారంపూడి అనేది కాదు, "కార్యమపూడి" అనేది. చిన్నప్పుడు ఆమె పల్నాటి యుద్ధం కథ చెబుతుంటే నాకు గుర్తున్నవి మూడే: కోడిపందెం, మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి బొంగరం, అతని వెంట ఉండే అనపోతు చావు. మాచర్ల వాళ్ల కోడి ఓడిపోతే ఏడేళ్లు ఊరొదిలి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక తిరిగొచ్చి మా రాజ్యం మాకు ఇమ్మంటే గురజాల వాళ్లు ఇవ్వలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజుకు విషం పెట్టారు. ఆ తర్వాత యుద్ధం. పిల్లలం కాబట్టి మాకు మహాభారతాన్నే ఇంకో పేరుతో చెబుతున్నట్టు ఉండేది. పెద్దయ్యాక నేనూ అదే మాట అన్నాను: ఇదంతా భారతానికి నకలు, జూదం బదులు కోడిపందెం పెట్టారంతే అని. నాయనమ్మ ఏమీ అనలేదు. "ఒకసారి కార్యమపూడి వెళ్లి రా" అంది.

ఆమె ఉన్నప్పుడు వెళ్లలేదు. ఆమె పోయిన మరుసటి ఏడాది వెళ్లాను.

మొదటిసారి మామూలు రోజుల్లో వెళ్లాను కాబట్టి పెద్దగా ఏమీ కనిపించలేదు. నాగులేరు ఒడ్డున ఊరు, వీరుల గుడి, అంకాలమ్మ గుడి, చెన్నకేశవస్వామి గుడి. నాపరాళ్లు పేర్చిన గోడలు. వీరుల గుడిలో దేవుడి విగ్రహం కోసం వెతికాను. అక్కడ పూజలు అందుకునేది యుద్ధంలో చనిపోయిన మనుషులని తెలిసి కాసేపు అలాగే నిలబడిపోయాను. గెలిచిన రాజుకు గుడి కట్టడం చూశాం. ఒరిగిపోయిన వాళ్లందరికీ కలిపి గుడి కట్టి, వాళ్ల పేర్లు చెప్పుకుంటూ పూజ చేసే ఊరు నేను అంతకు ముందు చూడలేదు.

రెండోసారి అక్కడి వీరుల ఉత్సవాలకు వెళ్లాను. మీరు వెళ్తే అప్పుడే వెళ్లండి. కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులు జరుగుతాయి. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పత్తి తీసే రోజులు కావడంతో బస్సు కిటికీలోంచి చూస్తే చేలన్నీ తెల్లగా ఉన్నాయి. బస్సులో సగం మంది చేతుల్లో పొడుగాటి గుడ్డ మూటలు ఉన్నాయి. ఏమిటవి అని పక్కాయన్ని అడిగితే "కొణతాలు" అన్నాడు. వీరుల ఆయుధాలు. వాళ్ల ఇళ్లల్లో తరాలుగా దాచుకుని, ఏడాదికోసారి కారంపూడి తీసుకొస్తారు. వీరాచారవంతులు అంటారు వాళ్లని. ఆయన మూట విప్పి చూపించాడు. పాత ఇనుము, అంచు అరిగిపోయింది, పిడి దగ్గర పోయిన ఏటి పసుపు ఇంకా అంటుకుని ఉంది. ఆ పసుపు మీద వేలు పెట్టబోతే "తానం కాలేదు, ముట్టుకోకు నాయనా" అన్నాడు. ఊళ్లోకి రాగానే ముందు నాగులేట్లో వాటికి స్నానం చేయించి, ఆ తర్వాతే గుడికి తెస్తారట.

మందపోరు రోజు అక్కడే ఉన్నాను. మంద అంటే ఆవుల మంద. అరణ్యవాసంలో ఉన్న మాచర్ల వాళ్ల పశువుల మీద గురజాల మంత్రి నాగమ్మ దాడి చేయించిందని, వాటిని కాపాడుతూ లంకన్న ప్రాణం వదిలాడని కథ. ఆ ఘట్టం పాడుతుంటే నా పక్కన కూర్చున్న ముసలాయన, కండువా నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన వింటున్నది ఎనిమిది వందల ఏళ్ల కిందటి చావు. ఎవరో తెలిసిన మనిషి నిన్ననే పోయినట్టు ఏడ్చాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అదే రోజు చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న కథకు ఇది గుర్తు. కథ ప్రకారం ఆయన సేనాని కన్నమదాసు మాల కులస్థుడు, ఆయన్ని బ్రహ్మనాయుడు సొంత కొడుకులా చూసుకున్నాడు. బాలచంద్రుడి వెంట యుద్ధానికి నడిచిన "తమ్ముళ్ల"లో బ్రాహ్మణ, కుమ్మరి, మంగలి, చాకలి ఇళ్ల పిల్లలు ఉన్నారు. నేనూ వరసలో కూర్చున్నాను. ఒక పక్క గుంటూరు నుంచి వచ్చిన లెక్చరర్, ఇంకో పక్క పత్తి చేలో కూలికి వెళ్లే ఒకావిడ. వేడన్నం, మీద కూర. ఆవిడ నా విస్తరి చూసి "ఏంది, అట్టా కెలుకుతున్నావు, తిను" అంది. తిన్నాను. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు నిజంగా అలా కూర్చోబెట్టాడా లేదా అన్నదానికి నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ ఆ మాటను నిలబెట్టుకోవడానికి ఒక ఊరు ఏటా పొయ్యి వెలిగిస్తోంది. దానికి మాత్రం నేనే సాక్షిని.

ఇక మీ రెండో ప్రశ్న, నిజమా కాదా అన్నది. నాకు చేతనైనంత వరకు విడదీసి చెబుతాను.

యుద్ధం జరిగిందనే చరిత్రకారులు అంటారు, సుమారు 1180 ప్రాంతంలో. నలగామరాజు, మలిదేవరాజు వేర్వేరు తల్లుల బిడ్డలు. నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల. అన్నదమ్ముల రాజ్యం తగాదా అది. దానికి తోడు శైవ, వైష్ణవ పట్టింపులు. బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శైవురాలు. ఈ యుద్ధంతో తీరాంధ్రలో వెలనాటి చోళుల వైపు బలం బాగా తగ్గిపోయి, తర్వాత కాకతీయులకు దారి సులువైందని కూడా అంటారు. ఇదంతా పుస్తకాల్లో దొరికేదే.

అసలు చిక్కు తర్వాతది. శ్రీనాథుడు ఈ కథను ద్విపదలో రాసింది 15వ శతాబ్దంలో. ఆయన రాసిందిగా మనకు దొరికేది కూడా బాలచంద్ర యుద్ధం భాగమే. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. అంటే యుద్ధానికీ, కవికీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా కథ నోటి మీదే బతికింది. పాడింది ఎవరు? వీరవిద్యావంతులు. ఎక్కువ మంది మాల కులం వాళ్లు. కన్నమదాసు కథలో అంత ఎత్తున నిలబడ్డాడంటే, చాపకూడు మరుగున పడలేదంటే, పాడిన గొంతులు ఎవరివో కూడా ఆలోచించాలి కదా. నాకైతే ఇదే ఈ కథలో అన్నిటికంటే విలువైన సంగతి. రాజులు శాసనాల్లో తమకు కావాల్సింది చెక్కించుకున్నారు. రాయి మీద చోటు దొరకని వాళ్లు తమకు కావాల్సింది పాటలో దాచుకున్నారు.

ఇంకో సంగతి గమనించాను. కథలో కోడిపందెం ముందు, వలస తర్వాత, రాయబారం ఆ తర్వాత. ఉత్సవంలో మాత్రం రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు. వరస తారుమారు. అక్కడ ఒక పెద్దాయన్ని అడిగాను. "కథ వరస కథది, కొలుపు వరస కొలుపుది" అన్నాడు. నాలుగో రోజు చిట్టిమల్లు, శివంగిడేగ పేర్లతో రెండు కోళ్లను తలపడనిస్తారు. చిట్టిమల్లు బ్రహ్మనాయుడిది, శివంగిడేగ నాగమ్మది. ఆ సమయంలో జనం అరుపులు వింటే ఫలితం ఇప్పుడే తేలబోతున్నట్టు ఉంటుంది.

నాగమ్మ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా నాయనమ్మ కథలో ఆమె పచ్చి దుర్మార్గురాలు. తిరుగు ప్రయాణంలో బస్సులో గురజాల వైపు ఆవిడ ఒకామె పక్కన కూర్చుంది. నేను కారంపూడి నుంచి వస్తున్నానని తెలియగానే "మా నాగమ్మను బాగా తిట్టి ఉంటారే" అంది. "మా నాగమ్మ" అన్న మాట వినగానే ఉలిక్కిపడ్డాను. ఆమె లెక్కలో నాగమ్మ రాజ్యాన్ని నిలబెట్టిన మంత్రి. మొగుడు లేని ఆడది కచేరీలో కూర్చుని తీర్పులు చెబితే ఓర్వలేక కథలు కట్టారు అంది. ఆలోచిస్తే ఆ మాటలో బలం ఉంది. ఆ కాలంలో ఒక ఆడమనిషి రాజ్యం నడిపిందన్నది రెండు వైపుల వాళ్లూ ఒప్పుకునే విషయమే. తేడా అంతా ఆమెను తిట్టాలా మెచ్చుకోవాలా అన్న దగ్గరే. కాబట్టి ఏ కథ కోసమైనా ఒక ఊరు వెళ్తే, ఆ కథలో ఓడిపోయిన వాళ్ల ఊరికో, చెడ్డ పేరు మోస్తున్న వాళ్ల ఊరికో కూడా వెళ్లి రండి.

మూడోసారి వెళ్లింది గుత్తికొండ బిలానికి. పిడుగురాళ్ల వైపు ఉంటుంది. యుద్ధం అయిపోయాక, కొడుకునూ తన వాళ్లందరినీ పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు ఈ గుహలోకి వెళ్లి తపస్సులో ఉండిపోయాడని, ఇప్పటికీ లోపలే ఉన్నాడని చెబుతారు. అడుగు పెట్టగానే గబ్బిలాల వాసన, ఉక్క. పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కిందికి పోయే కొద్దీ దారి చీలిపోతూ ఉంటుంది, లోపల నీళ్లు ఉన్నాయి. టార్చి ఆర్పితే చెయ్యి కనపడదు. నాకు కాస్త టెన్షన్ వచ్చింది కూడా.

ఆ ఒక్క గుహకే ఇంకో రెండు కథలున్నాయి. కృష్ణుడిని తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు, నిద్రపోతున్న ముచుకుందుడిని కాలితో తన్ని బూడిదైపోయింది ఇక్కడేనని ఒకటి. (ముచుకుందుడి గుహ మాదే అనే చోట్లు దేశంలో ఇంకా ఉన్నాయి.) రెండోది కథ కాదు, చరిత్ర. 1969లో నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ వచ్చి విప్లవకారులతో రహస్యంగా సమావేశమైంది ఇక్కడే. తొలి ఏకాదశి తిరునాళ్లకు వచ్చే భక్తులు ముచుకుందుడిని తలుచుకుంటారు. ఇంకొందరు ఆ సమావేశాన్ని తలుచుకుని వస్తారు. నేను బ్రహ్మనాయుడి కోసం వెళ్లాను. ముగ్గురికీ అదే చీకటి, అవే నీళ్లు.

ఇంతకీ నాకు మిగిలిన బాధ ఒకటే. నాయనమ్మ చెప్పిన కథ నా దగ్గర రికార్డింగ్ లేదు. పుస్తకంలో చదివిన దానికీ, ఆమె చెప్పిన దానికీ చాలా తేడాలు ఉండేవి. అవి ఇప్పుడు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. అందుకే పోయిన నెల మా మేనత్త దగ్గర కూర్చుని ఫోన్ ఆన్ చేశాను. ఆమెకు నాయనమ్మ కథ చాలా వరకు వచ్చు. బాలచంద్రుడి బొంగరం ఒక పిల్ల కాలికి తగలడం, ఆ పిల్ల "ఈ ఆటలు ఆడే బదులు మీ నాయన పక్కన యుద్ధానికి పోరాదూ" అని దెప్పడం, అచ్చం నాయనమ్మ గొంతుతోనే చెప్పింది. తర్వాత అనపోతు దగ్గరికి వచ్చింది. బ్రాహ్మణ పిల్లాడు, యుద్ధంలో చావకూడదని బాలచంద్రుడు వాణ్ణి ముత్యాల హారం తెమ్మని తన భార్య మాంచాల దగ్గరికి తిప్పి పంపించేశాడు. వాడు హారం పట్టుకుని పరుగున తిరిగొచ్చి చూస్తే అక్కడ ఎవరూ లేరు, చెట్టుకు కట్టిన కమ్మ, అంటే ఉత్తరం, ఒక్కటే ఉంది.

అత్త అక్కడ ఆగిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. రికార్డింగులో ఫ్యాన్ చప్పుడు మాత్రమే వినపడుతుంది. తర్వాత, "మిగతాది పండక్కి వచ్చినప్పుడు చెబుతాలే" అంది. సంక్రాంతికి వెళ్తున్నాను.