సోమవారం ర్యాంకు చూసి బెంగ పెట్టుకోకు

అమ్ములూ,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, మనవాళ్ళు టాప్ ట్వంటీలోంచి జారిపోయారు, ఇంక ఈ సీజన్ పోయినట్టేనా" అని నువ్వు దిగులుగా అడిగితే నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఇది నవంబరు. లోవెల్ యూనివర్సిటీలో చేరి మూడు నెలలయిందో లేదో, క్రికెట్ తప్ప ఇంకో ఆట చూసి ఎరగని పిల్లవి, అప్పుడే మీ యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టు రివర్ హాక్స్ నీకు "మనవాళ్ళు" అయిపోయారు. సంతోషం. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

ముందు ఆ ప్రతి సోమవారం వచ్చే ర్యాంకు సంగతి. అది పోల్. కోచ్‌లూ విలేకరులూ కలిపి ఒక 50 మంది తమకు తోచినట్టు ఓటేస్తే వచ్చే 20 జట్ల జాబితా. చదువుకోవడానికి సరదాగా ఉంటుంది, నేనూ కాఫీ తాగుతూ చూస్తాను, కానీ దానివల్ల ఎవరూ కాలేజీ జట్ల నేషనల్ టోర్నమెంట్‌కు వెళ్ళరు, ఎవరూ ఆగిపోరు. పెద్ద పేరున్న జట్టు రెండు మ్యాచ్‌లు ఓడినా పోల్‌లో నెమ్మదిగా దిగుతుంది, పేరు లేని జట్టు వరసగా గెలిచినా నెమ్మదిగానే ఎక్కుతుంది.

నువ్వు చూడాల్సింది వేరే పట్టిక. ఇన్నేళ్ళూ మేం దాన్ని పెయిర్‌వైజ్ అనేవాళ్ళం, 2025-26 నుంచి దాని స్థానంలో ఎన్‌పీఐ వచ్చింది. ఇందులో ఎవరి అభిప్రాయమూ ఉండదు, అంతా లెక్కే: గెలిచావా ఓడావా, ఎంత బలమైన జట్టు మీద, సొంత రింకులోనా (అదే, మంచు మైదానంలోనా) బయటా. బయటికెళ్ళి గెలిస్తే విలువ ఎక్కువ. అసలు తమాషా ఏంటంటే మనం ఓడించిన జట్టు ఆ తర్వాత గెలుస్తూ పోతే మనకూ లాభమే. ఐపీఎల్ ఆఖరి వారంలో మీ నాన్న "ఇప్పుడు వీళ్ళు వాళ్ళని ఓడిస్తే మన సన్‌రైజర్స్‌కి..." అని కాగితం మీద లెక్కలేస్తూ కూర్చుంటాడు చూడు, అచ్చం అలాంటిదే, కాకపోతే ఇక్కడ 60కి పైగా జట్లు. మైన్ యూనివర్సిటీ మీద మనం గెలిచామనుకో, మర్నాటి నుంచీ నేను మైన్ పార్టీ. కానీ మైన్ కూడా మన హాకీ ఈస్ట్ లీగ్‌లోనే ఉంది కాబట్టి లీగ్ పట్టికలో వాళ్ళు ఓడితేనే మనకు మంచిది! ఈ రెండు పట్టికల గొడవ అలవాటవడానికి నాకే రెండు సీజన్లు పట్టింది.

టోర్నమెంట్‌కు 16 జట్లు. ఆరు లీగుల టోర్నీ విజేతలు నేరుగా వెళ్తారు, మిగతా పది చోట్లూ లెక్క ప్రకారం. అంటే 16వ ర్యాంకులో ఉంటే చోటు దొరికినట్టు కాదు, ఎందుకంటే ఎక్కడో 25లో ఉన్న జట్టు తన లీగ్ కప్పు కొట్టి లోపలికొచ్చేస్తుంది. నా లెక్కలో 13 లోపుంటే హాయిగా నిద్రపోవచ్చు, 14, 15 అంటే మార్చిలో అందరి ఫైనల్సూ చూడాల్సిందే.

ఇలా ఆఖరి చోటులో వచ్చిన జట్టు చేతిలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను విను. 2013లో మన లోవెల్ మొదటిసారి హాకీ ఈస్ట్ టైటిల్ గెలిచింది, మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు, అంటే సెమీస్‌కు, పిట్స్‌బర్గ్ వెళ్ళింది. ఎదురుగా యేల్ యూనివర్సిటీ. ఆ యేల్ తన లీగ్ టోర్నీ చివర్లో రెండు మ్యాచ్‌లూ ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఓడి, వేరే లీగ్ ఫైనల్‌లో మిషిగన్‌ను నోటర్‌డామ్ ఓడించబట్టి ఆఖరి చోటు దక్కించుకున్న జట్టు. వచ్చీరాగానే మిన్నెసోటాను ఓవర్‌టైమ్ మొదలైన 9 సెకన్లకే ఇంటికి పంపింది. సెమీస్‌లో మేం 0-2 నుంచి 2-2 చేశాం కానీ ఆడిందంతా వాళ్ళే, 47 షాట్లు కొట్టారు, మా గోల్‌కీపర్ కానర్ హెలెబక్ 44 ఆపాడు, ఓవర్‌టైమ్‌లో ఒకటి దూరిపోయింది. (ఆ కుర్రాడే 2025లో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ హాకీ లీగ్‌లో, అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు, నాకు ఇప్పటికీ మా పిల్లాడే.) రెండు రోజుల తర్వాత, ఆ సీజన్లో తమని మూడుసార్లు ఓడించిన నంబర్ వన్ క్వినిపియాక్‌ను యేల్ 4-0తో కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఆ రాత్రి చారు మీ పెదనాన్నే పెట్టుకున్నారు.

కాబట్టి నవంబర్లో లెక్కలు ముట్టుకోకు. యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల జట్లు మొదలుపెట్టేదే అక్టోబరు చివర్లో, పట్టికంతా ఊగుతుంటుంది. క్రిస్మస్ టైమ్‌లో మంచి కుర్రాళ్ళు వరల్డ్ జూనియర్స్, అంటే 20 ఏళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీ, ఆడటానికి తమ దేశాల జట్లకు వెళ్ళిపోతారు, అప్పటి ఓటమిని పెద్దగా పట్టించుకోకు. జనవరి సగం దాటాక వారానికి ఒకసారి చూడు, ఆదివారం ఉదయం, శుక్ర శనివారాల మ్యాచ్‌లయ్యాక. రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది, నీకు అసైన్‌మెంట్లు కూడా ఉన్నాయి.

ఇంకొకటి, స్కోర్లు ఫోన్లో చూస్తూ కూర్చుంటే ఆట ఎక్కదు. మన జట్టు ఆడే సాంగస్ సెంటర్‌కు రా. మొదట్లో పక్, అదే బంతి బదులు వాడే నల్లటి బిళ్ళ, కనపడదు, దాని కోసం వెతక్కు, ఆటగాళ్ళ భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడు, పక్ అటే ఉంటుంది. ముప్పావు నిమిషానికోసారి అయిదుగురూ గోడ దూకి లోపలికీ బయటికీ మారుతుంటారు, అలసిపోయిన మనవాళ్ళు మారలేక మన గోల్ ముందే ఇరుక్కుపోయారంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడు, గోల్ పడేది అప్పుడే.

ఈ శుక్రవారం ఏడింటికి మ్యాచ్, ఆరున్నరకల్లా గేటు దగ్గరుండు. స్వెట్టర్ వేసుకుని రా, లోపల కాళ్ళు కొంకర్లు పోతాయి. పులిహోర తెస్తున్నా, బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి కార్లోనే తినేద్దాం.

పెద్దమ్మ