అమ్మాయికి ‘పాత ఏఐ’ మెయింటెనెన్స్ ఇచ్చారు, మానేయమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. ఏఐ మీద పని అనుకుంటే, లోన్ దరఖాస్తులు పరిశీలించే పాత ఎక్స్‌పర్ట్ సిస్టమ్ మెయింటెనెన్స్ అప్పగించారు. రోజూ టెన్షన్ పడుతోంది. ఇంకో ఉద్యోగం చూసుకోమనమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అప్పుడే వద్దండీ. నిపుణుల నిర్ణయాలను రూల్స్‌గా రాసిపెట్టే ఈ సిస్టమ్స్ కూడా ఏఐ ఇంటివే, కాకపోతే పెద్ద తరం. వాటిని కట్టడం ఒక ఎత్తయితే, ఏళ్ల తరబడి నడపడం ఇంకో ఎత్తు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, కంప్యూటర్ ఆర్డర్లు సరిచూసేందుకు 1980లో ఎక్స్‌కాన్ అనే ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌ను వాడుకలోకి తెచ్చింది. వందల్లో ఉన్న రూల్స్ ఆ దశాబ్దంలోనే వేలకు చేరాయి. మార్చడం తలకు మించిన పనై, చివరికి ఓ పద్ధతి పెట్టుకుని తిరగరాసుకున్నారు.

మీ అమ్మాయి పనిలో ఇదెలా ఉంటుందంటే, ‘రిటైరయ్యేలోపు ఈఎంఐలు అయిపోవాలి’ అని ఒక షరతు ఉందనుకోండి. తెలంగాణ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 2021లో 58 నుంచి 61 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 60 నుంచి 62 అయింది. ఆ 58 నలభై రూల్స్‌లో విడివిడిగా రాసుంటే, ముప్పై తొమ్మిది మార్చి ఒకటి మర్చిపోతారు. తర్వాత ఎవరో తొందరలో పైన ఇంకో రూల్ పెట్టి, మిగతావాటికంటే అదే ముందు నడవాలని ‘ప్రయారిటీ 100’ అంటారు. ఆర్నెల్లకు ఇంకొకరు 101 అంటారు. ఇక ఏ రూల్ ఎందుకు పనిచేస్తోందో దేవుడికే తెలియాలి! అదే వయసులన్నీ ఒక టేబుల్‌లో ఉంటే రాష్ట్రానికి ఒక్క వరస మారిస్తే సరి.

ఇలా విడదీసి రాయడం నేర్చుకోమనండి. రూల్స్ రాసి నడిపే డ్రూల్స్ అనే సాఫ్ట్‌వేర్, షరతులను, నిర్ణయాలను పట్టికలా రాసే డిసిషన్ టేబుల్స్ చూడమనండి. రూల్ మార్చిన ప్రతిసారీ, మార్పుకు కారణమైన దరఖాస్తును పేర్లు తీసేసి టెస్టుగా దాచాలి. రేపు ఇంకో మార్పు చేసినప్పుడు పాతవన్నీ మళ్లీ నడిపి చూస్తే, ఎక్కడ బెడిసిందో వెంటనే తెలుస్తుంది. లోన్లు మంజూరు చేసే ఆఫీసర్ల పక్కన కూర్చునే అవకాశం దొరికితే అస్సలు వదలొద్దు. కోర్సులకంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

ఏడాది గడిచినా టికెట్లు (సిస్టమ్ మీద వచ్చే ఫిర్యాదులు) మూయడం తప్ప రూల్స్ మీద చెయ్యి వేయనివ్వకపోతే మాత్రం, అప్పుడు రెజ్యూమె బయటికి తీయమనండి.