ఆ 90 శాతం ఏ ప్రశ్నకు?

తమ్ముడూ,

వ్యాసం అందింది, చదివించింది. కానీ రెండో పేజీలో “అమెరికాలో 90 శాతం మంది తుపాకుల నియంత్రణ కోరుతున్నా సెనేట్‌కు వినపడటం లేదు” అన్న వాక్యం చూసి చిరాకేసింది. వాళ్ళను ఏమని అడిగితే అలా అన్నారు? ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

తుపాకీ కొనే ప్రతివాడి నేరచరిత్రా ముందుగా తనిఖీ చెయ్యాలా అని అడిగితే వచ్చిన అంకె అది. తుపాకుల హక్కును కాపాడటం ముఖ్యమా, నియంత్రణ ముఖ్యమా అని ప్యూ అనే సర్వే సంస్థ 2014 డిసెంబరులో అడిగింది. 52 శాతం హక్కు వైపు, 46 శాతం నియంత్రణ వైపు మొగ్గారు. మరుసటి ఏడాదే అదే సంస్థ, ప్రైవేటు అమ్మకాల్లోనూ గన్ షోల్లోనూ (తుపాకులు అమ్మే ప్రదర్శనల్లో) తనిఖీ ఉండాలా అంటే 85 శాతం ఉండాలన్నారు. ఏడాదిలో జనం మనసు మారలేదు. మొదటి ప్రశ్న రెండింట్లో ఒక పక్షం ఎంచుకోమంటుంది, రెండూ కావాలనేవాడికి అందులో చోటు లేదు. రెండోది ఫలానా పని చేద్దామా అని మాత్రమే అడుగుతుంది.

గ్యాలప్ అనే ఇంకో సర్వే సంస్థ ప్రశ్న ఇంకో రకం: తుపాకుల అమ్మకాల చట్టాలను కఠినం చెయ్యాలా, సడలించాలా, ఉన్నట్టే ఉంచాలా? ఉన్న చట్టమేమిటో తెలియనివాడూ దీనికి జవాబిస్తాడు. అయినా ఏళ్ళ తరబడి మాట మార్చకుండా అడగడంలో గొప్ప విలువ ఉంది. గ్యాలప్‌దే మరో ప్రశ్న చూడు: పోలీసులకూ అనుమతి ఉన్నవాళ్ళకూ తప్ప చేతి తుపాకులు నిషేధించాలా అన్నదానికి 1959లో 60 శాతం ఔనన్నారు, 2021లో 19 శాతమే. ఆ పతనాన్ని నమ్మొచ్చు.

అందుకే పట్టుబట్టి చెబుతున్నాను: శాతం రాసే ముందు ప్రశ్నను పూర్తిగా రాయి. ఎంచుకోమని ఇచ్చిన జవాబులు, దానికి ముందు అడిగిన ప్రశ్న, తేదీలు కూడా చూడు. కాల్పులు జరిగిన వారంలో అడిగితే అంకె పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. వెయ్యి మందిని అడిగిన సర్వేలో మూడు శాతం అటూఇటూ సహజం కాబట్టి రెండు శాతం తేడాను “పెరిగిన మద్దతు” అనకు. చోటు లేదని ప్రశ్నను కోసేసి శాతాన్ని హెడ్డింగుకు ఎక్కించే పత్రికల డెస్కులున్నాయి. వాళ్ళతో పోట్లాడు, వదలకు.

సెనేట్ సంగతి. 2013 ఏప్రిల్‌లో తనిఖీలను పెంచే సవరణకు సెనేట్‌లో వందలో 54 ఓట్లొచ్చాయి, గట్టెక్కాలంటే 60 కావాలి. ఆ తర్వాత సెనేట్ దాన్ని ఆమోదించి ఉండాల్సిందా అని గ్యాలప్ అడిగితే ఔనన్నది 65 శాతమే. 2016లో అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో తనిఖీల ప్రతిపాదన ప్రజల ఓటింగులోనే ఓడింది. సర్వేల మీద పరిశోధించిన షూమన్, ప్రెస్సర్ 1970ల్లోనే చూపించారు: తుపాకుల నియంత్రణకు వ్యతిరేకులు తక్కువమందే అయినా ఉత్తరాలు రాసేదీ, డబ్బిచ్చేదీ వాళ్ళే ఎక్కువ. నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

రెండో పేజీ తిరగరాసి పంపు. 90 పక్కనే 65 కూడా ఉండాలి, రెండు ప్రశ్నలతో సహా.