రెండో సప్లయర్‌ని పెట్టుకుంటే పాతవాళ్లతో సంబంధం చెడుతుందా?

ఒక్కరి మీదే ఆధారపడితే సరుకు రాక ఎప్పుడు ప్రొడక్షన్ లైన్ ఆగుతుందోనని భయం, ఇంకొకరిని తెస్తే పాతవాళ్లు నొచ్చుకుంటారని భయం, ఏం చేయాలని అడిగారు. మెషిన్ విడిభాగాల పర్చేజ్‌లో చాలాకాలం పనిచేశాను, చూసింది చెప్తాను.

కొనే ప్రతి ఐటమ్‌కీ ఈ టెన్షన్ అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ పీటర్ క్రాల్జిక్ 1983లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఆ సరుకు మన లాభాన్ని ఎంత కదిలిస్తుంది, అది దొరకడం ఎంత కష్టం, ఈ రెండే చూడమన్నాడు. మామూలు బోల్టులు, అట్టపెట్టెలకు ధర బేరమాడుకుంటే చాలు. చవకదైనా సరే, అది రాకపోతే మెషిన్ గేటు దాటదు అనే వాటికే రెండో మనిషి కావాలి.

ఇద్దరున్నారు కదా అని నిశ్చింతగా ఉండకండి. మాకు ఒక హౌసింగ్‌కి, అంటే లోపలి భాగాలను పట్టి ఉంచే పోత గుల్లకి, ఇద్దరు సప్లయర్లు ఉండేవారు. ఓసారి ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద ఇద్దరి ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మెషినింగ్ చేయని వైపు ఉబ్బెత్తుగా ఉన్న ఫౌండ్రీ (పోత పోసే కార్ఖానా) గుర్తు రెండింటి మీదా ఒకటే! ఆ ఫౌండ్రీ ఆగితే ఇద్దరూ ఒకేసారి చేతులెత్తేస్తారు. అప్పట్నుంచి 'మీకు ముడిసరుకు ఎవరిస్తారు?' అని అడగకుండా ఎవరినీ ఖాయం చేయలేదు. రెండోవాళ్లకు ఎంతో కొంత ఆర్డరు క్రమం తప్పకుండా ఇస్తూ ఉండాలి కూడా. అవసరం పడ్డ రోజే ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు?

అన్నిటికన్నా ముఖ్యం, చెడు కబురు మీకు ఎంత ముందు అందుతుందన్నది. 2000 మార్చిలో అమెరికాలోని అల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగుపాటుతో మంటలు లేచాయి. నిమిషాల్లో ఆర్పేశారు గానీ పొగ, మసి చిప్‌లు తయారయ్యే, దుమ్ము చేరకూడని క్లీన్‌రూమ్‌లను పాడుచేశాయి. అక్కడ చిప్‌లు కొనే ఫోన్ కంపెనీలు నోకియా, ఎరిక్‌సన్‌లకు వారం ఆలస్యమవుతుందని మొదట కబురొచ్చింది. నోకియా దాన్ని తేలిగ్గా తీసుకోకుండా రోజూ ఆరా తీసి, వేరేచోట చిప్‌లు చూసుకుంది. ఎరిక్‌సన్‌లో సంగతి పైవాళ్ల దాకా వెళ్లేసరికి ఆలస్యమైంది, వేరే సప్లయరూ లేరు. నష్టం సుమారు 40 కోట్ల డాలర్లు.

ఆ కబురు ముందే రావాలంటే చెప్పినవాళ్ల మీద విరుచుకుపడకూడదు. ఆలస్యం అనగానే అరిచే ఆఫీసరు ఒకాయన మా దగ్గర ఉండేవారు. ఆయనకు ఎవరు ఫోన్ చేసినా "రేపు లారీ ఎక్కిస్తాం సార్" అనేవారు, అంతే. తర్వాత పద్ధతి మార్చాం. ముందే చెప్పిన ఆలస్యానికి పెనాల్టీ లేదు, చెప్పకుండా చేసినదానికే ఉంటుందన్నాం. డై అరిగిందనీ, మెషిన్ ఆగిందనీ వాళ్లంతట వాళ్లే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. బిల్లులు గడువులోపు కట్టకుండా మాత్రం ఇవేవీ ఆశించకండి.

ఇక పాతవాళ్ల సంగతి. కొత్తవాళ్ల మాట మూడో మనిషి ద్వారా తెలిసేలోపు మీరే వెళ్లి చెప్పండి. ఎందుకు తెస్తున్నారో, వాళ్ల వాటా ఎంతకు తగ్గదో కూడా చెప్పండి. వాళ్ల కొటేషన్ కొత్తవాళ్లకు చూపించి ధర దించే పని మాత్రం వద్దు, ఈ లైన్లో అది దాగదు. మేం చెప్పినప్పుడు మా పాత సప్లయర్ ముఖం కాస్త ముడుచుకున్న మాట నిజమే. కానీ ఆయన అడిగింది ఒక్కటే, ఆ వాటా కాగితం మీద రాసివ్వమని. రాసిచ్చాం.