ఈత అంతంత మాత్రం, తోడు ఎవరూ లేరు: చెన్నై కోవళంలో సర్ఫింగ్ నేర్చుకోవచ్చా?

మూడు రోజుల సెలవు దొరికింది, వస్తానన్న స్నేహితురాలు ఆఖర్లో చేతులెత్తేసింది, ఈత పెద్దగా రాదు, ఒక్కదాన్నే కోవళం వెళ్లి సర్ఫింగ్ నేర్చుకోవచ్చా అని అడిగారు. వెళ్లండి. పోయిన ఫిబ్రవరిలో నేను చేసింది అచ్చంగా ఇదే. అప్పటికి నాకు 34 ఏళ్లు. నా ఈత ఎంతంటే, స్విమ్మింగ్ పూల్‌ని అడ్డంగా ఒకసారి దాటి గట్టు పట్టుకుని రొప్పడం.

ఇంట్లో చెప్పేటప్పుడు ఏ కోవళమో స్పష్టంగా చెప్పండి. మా అమ్మ కేరళ కోవళం అనుకుని, వచ్చేటప్పుడు అరటికాయ చిప్స్ తెమ్మంది. ఇది చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, సిటీకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలరి పల్లె. ‘వైజాగ్ ఉండగా అంత దూరం ఎందుకు’ అని ఎవరైనా అంటారు. వైజాగ్‌లో మాకు నాలుగిళ్ల చుట్టాలున్నారు. అక్కడికి ఒంటరిగా వెళ్లడం అనేది జరిగే పని కాదు.

నేను గురువారం సాయంత్రం నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ రైలు ఇప్పుడు చెన్నై శివారు తాంబరం దాకా వెళ్తుంది, మనకు అదే కలిసొచ్చేది. తెల్లారి తాంబరంలో దిగితే వండలూరు, కేళంబాక్కం మీదుగా కోవళం 30 కిలోమీటర్లు. చెన్నై ఊళ్లోకి వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ ఉండదు. ఆదివారం సాయంత్రం అదే రైలెక్కి సోమవారం ఆఫీసుకి వెళ్లాను.

రూమ్ దగ్గర మాత్రం మోసపోయాను. ‘సీ వ్యూ’ అన్నారు. బాత్రూమ్ కిటికీలోంచి మెడ సాచితే, రెండు డాబాల మధ్య చీరంచు అంత సముద్రం కనిపించింది. వ్యూకి డబ్బులు తగలేయకండి. సర్ఫింగ్ బోర్డులు పెట్టే చోటికి ఐదు నిమిషాల నడకలో, రాత్రి మనుషులు తిరిగే వీధిలో రూమ్ ఉంటే చాలు. తెల్లవారుజామున ఐదున్నరకి ఒక్కదాన్నే నడవాలి కదా అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఆ వేళకి ఊరంతా ఒడ్డునే ఉంది. పడవల దగ్గర వలలు దులుపుతున్నారు, ఆడవాళ్లు చేపల బుట్టలతో బేరాలాడుతున్నారు. నన్ను పట్టించుకున్న వాళ్లే లేరు.

ఈ ఊళ్లో సర్ఫింగ్‌కి పేరు తెచ్చింది మూర్తి మేగవన్ అనే జాలరి. ఇప్పుడు నేర్పేవాళ్లలో చాలామంది అక్కడి జాలరి ఇళ్ల పిల్లలే. నాకు నేర్పిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. బోర్డు, కోచ్ అన్నీ కలిపి గంటన్నరకి 1500 ఇచ్చాను. ఈత గురించి అడిగితే, మొదటి రెండు రోజులూ నడుం లోతు దాటం అన్నాడు, అన్నట్టే దాటలేదు. మొదట నేర్చుకునేది విరిగిన అల తాలూకు నురుగు మీదే. మెత్తటి ఫోమ్ బోర్డు, మనకంటే మూడడుగులు పొడుగు. దాని తాడు చీలమండకి కట్టుకుంటాం, కాబట్టి పడ్డా బోర్డు దగ్గర్లోనే తేలుతూ ఉంటుంది. పడేటప్పుడు తల ముందుకి పెట్టి దూకకండి. పైకి తేలేటప్పుడు చెయ్యి తలకి అడ్డం పెట్టుకోండి, బోర్డు మన నెత్తిమీదే ఉండొచ్చు.

ఇంకోటి ఆ కుర్రాడే చూపించాడు. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయ ఒకటుంది. కొత్తవాళ్లు అక్కడైతే భయం లేదనుకుని దిగుతారట. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగి లాగేసేది అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడే పక్కకి జరగాలి, బోర్డు వదలకూడదు.

నా అసలు సమస్య సముద్రం కాదు, కళ్లజోడు. నాకు మైనస్ నాలుగు. జోడు రూమ్‌లో పెట్టి దిగితే కోచ్ చేతి సైగలు కనపడవు, ఏది పెద్ద అలో తెలియదు. మొదటి ఉదయం అల రాగానే మోకాళ్ల మీద లేస్తాను, పాదాలు సరిగ్గా పడ్డాయా అని కిందికి చూస్తాను, పక్కకి ఒరుగుతాను. పదిహేనుసార్లు ఇదే. వెనక నుంచి ‘అక్కా, కీళ పాక్కాదీంగ!’ అని అరుపు. కిందికి చూడొద్దని. చూపు ఎటు పోతే ఒంటి బరువూ అటే పోతుందట. రెండో రోజు, ఎలాగూ ఏమీ కనపడదు కదా అని ఒడ్డున మసగ్గా తెల్లగా ఉన్నదాని మీద చూపు పెట్టి లేచాను. నిలబడ్డాను. నాలుగు సెకన్లు ఉంటుందేమో, బోర్డు కింద నురుగు బరబరా జారుతున్న చప్పుడు విన్నాను. తర్వాత తెలిసింది, ఆ తెల్లటిది ఆరేసిన పంచె.

ఒంటరిగా వెళ్తే వచ్చే చిన్న చిక్కు, నీళ్లలో ఉండగా ఫోన్, తాళం ఎవరు చూస్తారని. ఫోన్ రూమ్‌లోనే వదిలేశాను, తాళం బోర్డులిచ్చే చోట పెట్టాను. చేతులు పొడుగున్న బిగుతు టీషర్టు తప్పనిసరి, లేకపోతే పొట్ట, మోచేతులు గీరుకుపోతాయి. సన్‌స్క్రీన్ ముఖానికే కాదు, మోకాళ్ల వెనక కూడా రాయండి. బోర్లా పడుకునే ఆట కదా, నాకు అక్కడే కమిలింది.

ఫిబ్రవరి, మార్చిలో అలలు చిన్నవి, మనకి అవే నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, వద్దు.

పదకొండు దాటితే సముద్రపు గాలి లేచి అలలన్నీ చిందరవందర. అప్పుడేం చెయ్యాలని మహాబలిపురం, పాండిచ్చేరి కూడా ప్లాన్‌లో పెట్టుకోకండి. చేతులు పైకి లేవవు, దువ్వుకోవడమే కష్టం. శనివారం మధ్యాహ్నం నేను దగ్గర్లో ఉన్న, దక్షిణాది పాతకాలపు ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్రకి మాత్రం వెళ్లాను (మంగళవారం సెలవు). తమిళ, కేరళ ఇళ్ల మధ్యలో మన చుట్టిల్లు ఒకటి కట్టి ఉంది. దాని అరుగు మీద గంటసేపు కునుకు తీశాను. ఒక్కరే వెళ్తే కలిసొచ్చేది ఇదే, లేపేవాళ్లుండరు. మెస్‌లో ఒక్కదాన్నే తినడం మొదటి పూట కాస్త ఇబ్బందిగా అనిపించింది, రెండో పూటకి వంజరం చేప వేపుడు మీదే ధ్యాస.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ముక్కులోకి వెళ్లిన సముద్రం వెంటనే బయటికి రాదు. ఆదివారం రాత్రి రైల్లో చెప్పుల కోసం వంగానో లేదో, ముక్కులోంచి ఉప్పునీళ్లు ధారగా ఎదురు బెర్తు పెద్దాయన న్యూస్ పేపర్ మీద పడ్డాయి. కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి.