డాంగిల్ పెడితే మోడెమ్ బదులు సీడీ డ్రైవ్ వస్తోంది, ఎందుకు?

ఫ్రీబీఎస్‌డీ అనే యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ డాంగిల్ (సిమ్‌తో ఇంటర్నెట్ ఇచ్చే యూఎస్‌బీ మోడెమ్) సీడీ డ్రైవ్‌గా కనిపిస్తే అది పాడైందని కాదు. విండోస్ డ్రైవర్లను వెంట మోసుకొచ్చేందుకు తయారీదారులు పన్నిన ఉపాయం అది. ఆ ఉత్తుత్తి సీడీని బయటికి పంపమని ఆదేశం అందితే గానీ చాలా డాంగిళ్లు అసలు రూపం చూపవు. లైనక్స్‌లో ఈ పని యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. ఫ్రీబీఎస్‌డీలో యూ3జీ డ్రైవర్ తనకు తెలిసిన మోడళ్లకు తానే చేసిపెడుతుంది. తెలియని మోడల్ ఎదురైతే చేతులెత్తేస్తుంది.

రూపం మారాక సీరియల్ పోర్టు కనిపిస్తుంది. దాని ద్వారా ఏటీ కమాండ్లు (మోడెమ్‌కు ఇచ్చే ఆదేశాలు) పంపి, సాధారణంగా *99# డయల్ చేసి, పీపీపీ అనే డయలప్ ప్రోటోకాల్‌తో కనెక్ట్ కావాలి. అంటే పాతకాలపు డయలప్ పద్ధతే. ఎంబీఐఎం అనే కొత్త యూఎస్‌బీ ప్రమాణాన్ని వాడే మోడెమ్ కార్డుల దారి వేరు. వాటికి ఫ్రీబీఎస్‌డీకి దాయాది లాంటి ఓపెన్‌బీఎస్‌డీలో 6.0 వెర్షన్ నుంచి యూఎంబీ డ్రైవర్ ఉంది.

ఇంకా కొనకపోతే మాత్రం ఈథర్‌నెట్ కార్డుగా కనిపించే రకం చూడండి. డయలింగంతా దాని లోపలే జరుగుతుంది, కంప్యూటర్‌కు డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ అడ్రస్ దానంతటదే వస్తే చాలు. అయితే వీటిలోనూ కొన్ని మొదట సీడీ వేషంలోనే వస్తాయి. పెట్టె మీది మోడల్ పేరును నమ్మి కొనకండి. ఒకే పేరుతో వేర్వేరు చిప్‌లు అమ్ముతుంటారు. యూఎస్‌బీ ఐడీని (తయారీదారునీ మోడల్‌నూ తెలిపే సంఖ్యలను) డ్రైవర్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే జేబులో పట్టే వైఫై రూటర్ మేలు, దానికి డాంగిల్ డ్రైవర్ల గొడవే లేదు.