వెల్డింగ్ పొగకి, ఆస్బెస్టాస్ దుమ్ముకి మావాళ్లు ఎందుకు భయపడరంటే

మీ తమ్ముడు వైజాగ్‌లో ఓడల రిపేరు దగ్గర వెల్డింగ్ చేస్తాడనీ, క్యాన్సర్ వస్తుందని ఎంత చెప్పినా "మాకేం కాదులే" అంటాడనీ రాశారు. నేను గాజువాకలో ఫిట్టర్‌గా చేరి, తర్వాత సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున కూర్చున్నాను. మావాళ్లకి తెలియక కాదండీ. వాళ్లకి ప్రమాదమంటే ముక్కుకి తగలాలి, ఒంటికి కాలాలి. 2020 మేలో వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకయ్యాక కాస్త ఘాటు వాసనొచ్చినా పని వదిలేసి బయటికొచ్చేసేవారు. ఆ మనుషులే పాత ఓడ ఇంజిన్ రూములో పైపులకి చుట్టిన ఆస్బెస్టాస్‌ని ఉత్త చేతుల్తో పీకేసేవారు. దానికి వాసన లేదు, మంట లేదు. దానివల్ల వచ్చే మెసోథెలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) బయటపడేసరికి 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కాంట్రాక్టరెవరో, ఆ గేట్ పాస్ ఎక్కడుందో!

డ్యూటీ దిగాక బెల్లం ముక్క తింటే దుమ్మంతా దిగిపోతుందని ఇంకో నమ్మకం. అనకాపల్లి పక్కనే కదా, బెల్లానికి కొదవ లేదు. కానీ బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ముండేది ఊపిరితిత్తుల్లో. మూతికి కట్టే కర్చీఫ్ కూడా అంతే, వెల్డింగ్ పొగని ఆపదు. ఆ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లోనే తేల్చింది.

వాళ్ల అసలు భయం మెడికల్‌లో "అన్‌ఫిట్" రాస్తారని. పని పోతే ఇల్లు గడవదు. అందుకే దగ్గు దాచిపెడతారు. దీన్ని మొండితనం అంటే నేను ఒప్పుకోను.

మావాళ్లని కదిలించిన మాట ఒక్కటే: "ఆ బట్టలు ఉతికేది మీ ఆవిడ." ఆస్బెస్టాస్ దుమ్ము పట్టిన పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకి మెసోథెలియోమా వచ్చిన సంగతి వైద్యులకి తెలిసిందే. తనకి వస్తుందంటే నవ్వినవాడు ఇది విని ఊరుకున్నాడు. ఆ తర్వాతే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికెళ్లడం మొదలుపెట్టారు. మీరూ మీ తమ్ముడితో అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

ఫిల్టరున్న రెస్పిరేటర్, పొగ లాగే ఫ్యాను అడగమనండి. ఒక్కడే అడిగితే వినరు, నలుగురూ కలిసి అడగాలి. ఆస్బెస్టాస్ పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు దాచాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. కాంట్రాక్టు మనిషి మాత్రం తన లెక్క తనే రాసుకోవాలి: ఏ ఏడాది, ఏ ఓడ, ఏ పని. దగ్గు తగ్గకపోతే వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా ఆ పుస్తకం పట్టుకెళ్లాలి. డాక్టర్లు బీడీ, సిగరెట్ గురించి అడుగుతారు. చేసిన పని సంగతి మాత్రం అడిగేదాకా ఆగకుండా తనే చెప్పాలి.